అడగకుండా గీసిన మొహం

నకిరేకల్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతున్న మా మామూను ఎవరో ఆయనకు తెలియకుండా ఫొటో తీశారు. మరుసటి ఏడు హైదరాబాదులో ఒక చిత్ర ప్రదర్శనలో ఆ మొహం నాకు ఎదురైంది. మామూ నమాజుకు తప్ప టోపీ పెట్టడు. చిత్రంలో టోపీ ఉంది, సుర్మా ఉంది. లారీ టైర్లకు పంక్చర్లు వేసి నల్లబడ్డ వేళ్లు మాత్రం లేవు. కింద పేరు లేదు. ‘ముస్లిం వృద్ధుడు’ అని రాశారు.

ఫొటో చూసి బొమ్మ వేయడం తప్పు కాదు. రవివర్మ కూడా ఫొటోల సాయం తీసుకున్నాడు. మా ఉర్దూలో ఫొటోకీ చిత్రానికీ ‘తస్వీర్’ ఒకటే మాట. నిజాం మహబూబ్ అలీఖాన్ 1894లో లాలా దీన్‌దయాళ్‌కు ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. బిరుదందుకున్నది ఫొటోగ్రాఫరు! అయితే ఆయన ముందు కూర్చున్న నవాబులకు తమ బొమ్మ దిగుతున్నదని తెలుసు. మా మామూకు తెలియదు.

తెలియకుండా తీస్తేనే మనిషి సహజంగా ఉంటాడంటారు. నిజమే. మరి ఆ సహజత్వం మీద టోపీ ఎందుకు పెట్టారు? దొంగచాటుగా సంపాదించిన నిజాన్ని కూడా నిలుపుకోలేకపోతే అది ఏం కళ?

ఫొటో తీశాక పోయి చూపించాలి. పేరడగాలి. ఒక గంట ఎదురుగా కూర్చోవాలి. కెమెరాకు అందని రంగు అప్పుడు కంటికి అందుతుంది. అడిగితే మామూ కాదనేవాడు కాదు, ఇంకో చాయ్ చెప్పేవాడు.

సంగతి చెబితే మామూ నవ్వాడు: “అది నేను కాదు బేటా. వాళ్ల మనసులో ఉన్న తురకోడు.”