నాకు భయంగా ఉంది ప్రభువా

భయపడ్డావంటే నీకు విశ్వాసం లేనట్టే. మన సంఘాల్లో తరచూ వినపడే మాట ఇది. ఆపరేషన్‌కి వెళ్లబోయే మనిషితోనూ ఇదే అంటారు, కొడుకు ఫోనెత్తడం లేదని తల్లడిల్లే తల్లితోనూ ఇదే అంటారు. బైబిల్లో రోజుకొకటి చొప్పున 365 సార్లు 'భయపడకు' అని ఉందని కూడా చెబుతుంటారు. లెక్కపెడితే అన్ని లేవు. ఉన్నవి మాత్రం ఎవరితో అన్నవో చూడండి. ఎడారిలో నీళ్లయిపోయి, బిడ్డ చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడుస్తున్న హాగరుతో దేవదూత అన్న మాట వాటిలో ఒకటి. అందులో మందలింపు లేదు, ఓదార్పే ఉంది.

పడుకునే ముందు ఒక కీర్తన పైకి చదివి, ఆ రోజు నన్ను పట్టుకున్న భయాన్ని దేవునికి చెప్పుకోవడం నాకు అలవాటు. ఎక్కువసార్లు తెరిచేది 56వ కీర్తన. దావీదును ఫిలిష్తీయులు గాతులో పట్టుకున్నప్పటిదని దాని శీర్షిక చెబుతుంది. గాతు గొల్యాతు ఊరు. ఆ గొల్యాతును పడగొట్టిన దావీదే సౌలు రాజుకు జడిసి అక్కడికి పారిపోయాడు. గాతు రాజైన ఆకీషు ముందు భయంతో పిచ్చివాడిలా నటించి, తలుపుల మీద గీతలు గీస్తూ గడ్డం మీదికి ఉమ్మి కార్చుకున్నాడు. సమూయేలు మొదటి గ్రంథం 21వ అధ్యాయం ఇదంతా దాచకుండా చెప్పింది. కీర్తనలోనూ దావీదు తన భయాన్ని దాచుకోడు. భయం వేసిన రోజున ఎవరిని ఆశ్రయిస్తాడో చెబుతాడు.

నా భయం దేవునికి చెప్పుకునేటప్పుడు నేను పెద్ద మాటలు వాడను. 'మా సమస్యలన్నీ తీర్చు తండ్రీ' అంటే నా లోపల ఏదీ కదలదు. 'రేపు వచ్చే స్కానింగ్ రిపోర్టు అంటే భయంగా ఉంది ప్రభువా' అన్నప్పుడు, ఇల్లంతా కమ్ముకున్న భయం ఒక కాగితమంత అవుతుంది. పోదు. కానీ దాన్ని పట్టుకుని ఆయన ముందు పెట్టగలను. కీర్తనలు మాత్రం పగటిపూటే కంఠతా పడతాను. అర్ధరాత్రి గుండె దడతో మెలకువ వచ్చినప్పుడు లైటు వేసి బైబిలు వెతికే ఓపిక ఉండదు, నోటికొచ్చినవే అక్కరకొస్తాయి. సండేస్కూల్లో 23వ కీర్తన అప్పజెప్పించుకునే టీచర్లు పిల్లలకు ఎంత మేలు చేస్తున్నారో!

1956 జనవరి 27 రాత్రి, అమెరికాలోని మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్‌కు చంపుతామని ఫోనొచ్చింది. అప్పటికి ఆయన నాయకత్వంలో నల్లజాతివారి బస్సుల బహిష్కరణ ఉద్యమం సాగుతోంది, ఆయనకు ఇరవయ్యేడేళ్లు, ఇంట్లో పసిబిడ్డ. నిద్రపట్టక వంటింట్లో కాఫీ పెట్టుకుని, బల్ల దగ్గర తల వంచి, తాను భయపడుతున్నానని, తన బలం అయిపోయిందని పైకే దేవునితో చెప్పుకున్నాడు. ఆయన పాస్టరు, పాస్టరు కొడుకు. నీతి కోసం నిలబడమని, తాను తోడుంటానని ప్రభువు చెప్పినట్టు ఆ రాత్రి ఆయనకు అనిపించింది. మూడు రోజులకే ఇంటి మీద బాంబు పడింది. భార్యాబిడ్డలకు ఏమీ కాలేదు. వరండాలో నిలబడి, కోపంతో గుమిగూడిన జనాన్ని, ఆయుధాలుంటే ఇళ్లకు పట్టుకుపొమ్మని బతిమాలి పంపేశాడు. వంటింట్లో భయాన్ని దాచుకోనందుకే వరండాలో అలా నిలబడగలిగాడని నేను నమ్ముతాను.

గెత్సేమనేలో మన ప్రభువే తన ముందున్న శ్రమల గిన్నె తొలగిపోవాలని అడిగాడు, మూడుసార్లు అవే మాటలతో. రోజూ అదే భయం, అదే ప్రార్థన అని సిగ్గుపడేవారికి నేను ఆ సంగతి చెబుతుంటాను.

ఆసుపత్రి మంచం దగ్గర ప్రార్థన చేసే అయ్యగార్లకూ అక్కయ్యలకూ ఒక విన్నపం. బైబిలు తెరిచే ముందు, 'దేనికమ్మా నీ భయం?' అని అడగండి, పూర్తిగా చెప్పనివ్వండి. 23, 91 కీర్తనలు ఎలాగూ చదువుతారు. ఆ మనిషికి ఆశపడే శక్తి కూడా లేదనిపిస్తే 88వ కీర్తన చదవండి. అది చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు వైపు మలుపు తిరగదు. అయినా అది దేవునికి చేసిన ప్రార్థనే.