క్యాబేజీ ఫోటోకు మార్కులెన్ని?

ఫోటో బాగుందా లేదా అన్న చర్చ మన దగ్గర ఎక్కువసేపు నడవదు. ఇద్దరు కాస్త గట్టిగా విభేదించగానే మూడో మనిషి వచ్చి 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అని ముగించేస్తాడు. వినడానికి అది పెద్దమనిషి తీర్పులా ఉంటుంది. నా దృష్టిలో మాత్రం ఫోటో తీసినవారికి అది అన్యాయం చేస్తుంది. ఎక్కడ నిలబడాలి, ఎంత దగ్గరికి వెళ్లాలి, వెలుగు ఏ పక్క నుంచి రావాలి, దేన్ని వదిలేయాలి అని వాళ్లు పడ్డ తపననంతా ఆ ఒక్క సామెత కొట్టిపారేస్తుంది. నచ్చడం వేరు, బాగుందనడం వేరు. నచ్చడానికి కారణం అక్కర్లేదు, ఎవరూ అడగకూడదు కూడా. బాగుందన్న మాటకు మాత్రం కారణం ఉండాలి. ఆ కారణాన్ని ఫోటోలో వేలుపెట్టి చూపించగలగాలి. అలా చూపించగలిగినంతవరకు ఫోటో మంచిచెడ్డల మీద వాదించుకోవచ్చు, ఒకరినొకరు ఒప్పించుకోనూ వచ్చు.

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌నే తీసుకుందాం. తెల్లవారకముందే సరుకు దిగే చోటు, కెమెరా పట్టినవాళ్లకు కావలసినంత పని. అక్కడ తీయగల రెండు ఫోటోలు ఊహించండి. ఒకదాంట్లో ట్రేల నిండా టమాటాలు, వాటి మీద లేత ఎండ, ఆపైన ఫోన్‌లో మరింత పెంచిన ఎరుపు. రెండోదాంట్లో క్యాబేజీ బస్తాలు దించాక నేల మీద మిగిలిన పై ఆకులు. ఆకు మీద తెల్లటి ఈనెలు చేతి నరాల్లా విడివిడిగా కనిపిస్తున్నాయి, ఒక అంచున చినుగు, ఆ చినుగు మీద తడి మట్టి, ఫ్రేము కొసన ఒక హమాలీ మడమ సగమే పడింది. ఎక్కువమందికి మొదటిదే నచ్చుతుంది, నచ్చనివ్వండి. కానీ అందులో ఫోటోగ్రాఫర్ చేసిందేమిటని అడిగితే పెంచిన రంగు తప్ప చూపడానికి ఏమీ దొరకదు, ఆ గుట్ట ఏ ఊరి మార్కెట్‌దైనా కావచ్చు. రెండోదాంట్లో ఆ సగం మడమే ఆకులు ఎంతున్నాయో చెబుతోంది, వాటిని తొక్కుకుంటూ ఎవరు బరువు మోస్తున్నారో కూడా చెబుతోంది. మడమ మొత్తం పడితే అది హమాలీ ఫోటో అయ్యేది, అసలు పడకపోతే చెత్త ఫోటో అయ్యేది. ఆ కొలత రుచి వల్ల రాలేదు, అక్కడ నిలబడి తీసుకున్న నిర్ణయం వల్ల వచ్చింది. టమాటాలకు ఇది చేతకాదని కాదు. అంత శ్రద్ధగా చూస్తే టమాటా ట్రే కూడా గొప్ప ఫోటో అవుతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియెర్ బుర్దియూ నుంచి వస్తుంది. ఇంగ్లీషులో 'డిస్టింక్షన్' పేరుతో ప్రసిద్ధమైన ఆయన పుస్తకం 1979లో వెలువడింది. దానికోసం చేసిన సర్వేలో కొన్ని వస్తువుల పేర్లు చెప్పి, వీటితో అందమైన ఫోటో వస్తుందా అని జనాన్ని అడిగారు. ఆ జాబితాలో సూర్యాస్తమయం ఉంది, చెట్టు బెరడు ఉంది, క్యాబేజీలు కూడా ఉన్నాయి. చదువు తక్కువున్నవాళ్లు ఎక్కువగా సూర్యాస్తమయం వైపు మొగ్గారు. బెరడు, క్యాబేజీ లాంటివాటిలోనూ అందం ఉంటుందనే ధోరణి చదువు పెరిగినకొద్దీ పెరిగింది. అంటే మనం అభిరుచి అనుకునేది చాలావరకు పుట్టిన ఇల్లు, చదివిన బడి ఇచ్చిందేనన్నమాట. ఈ మాటను నేను ఒప్పుకుంటాను. క్యాబేజీ ఫోటోను మెచ్చుకోవడం పైతరగతి గుర్తుగా చలామణి కావడం మన నగరంలోనూ లేకపోలేదు. కానీ ఆ ప్రశ్నలో ఫోటో లేదు, వస్తువు పేరే ఉంది. అదే పుస్తకంలో ఒక ముసలామె చేతుల ఫోటోను మనుషులకు నిజంగానే చూపించారు. కాయకష్టం చేసేవాళ్లు ఆ వంకర్లు తిరిగిన వేళ్లను చూసి ఆమె పడ్డ కష్టం గురించి మాట్లాడారు. పైతరగతివాళ్లకు చిత్రకళ గుర్తొచ్చింది. బుర్దియూ ఇక్కడ తరగతుల తేడాను చూశాడు, నేను ఇంకొకటి కూడా చూస్తున్నాను. కష్టజీవులు చెప్పిన కారణం ఫోటోలోనే ఉంది, వేళ్ల కణుపుల దగ్గర ఉంది. చిత్రకారుల పేర్లు తెలియకపోయినా వాళ్లు చూడాల్సినదాన్ని చూశారు. బోయిన్‌పల్లి హమాలీకి ఆ ఆకుల ఫోటో చూపిస్తే గ్యాలరీకి వెళ్లేవారికి తోచని లోపమో, గుణమో ఆయన పట్టుకోవచ్చు.

ఇక కూరగాయలో కళ ఏముందనే వాళ్లకు అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన 'పెప్పర్ నంబర్ 30' చూపించాలి. ఒక క్యాప్సికంను రేకు గరాటు లోపల పెట్టి, నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. గరాటు గోడల నుంచి తిరిగొచ్చిన వెలుగు కాయ మడతల్లోకి మెత్తగా పాకింది. అంచులు చీకట్లో కలిసిపోకుండా నిలిచాయి. అది కొందరికి మెలితిరిగిన మనిషి ఒంటిలా కనిపిస్తుంది, కొందరికి కాయగానే కనిపిస్తుంది. చూపులో అంత తేడా ఉన్నా ఆ వెలుగు పని ఇద్దరి కళ్లకూ ఒక్కటే.

సికింద్రాబాద్‌కు ఈ చర్చ మీద సొంత హక్కు ఉంది. రూర్కీలో చదివి, ఇండోర్ ప్రజాపనుల శాఖలో పనిచేసిన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ ఇక్కడ కూడా స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చాడు. ఆయన గాజు నెగటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. కెమెరాను పైకెత్తి కట్టడాన్ని తీస్తే గోడలు లోపలికి వాలినట్టు పడతాయి. దీన్‌దయాళ్ కట్టడాల ఫోటోల్లో స్తంభాలు నిటారుగా నిలబడతాయి. 'అది ఇంజనీరింగ్ నైపుణ్యం, కళ ఎలా అవుతుంది' అని అడగవచ్చు. ఆ నిటారుతనమే కట్టడానికి దాని బరువును తిరిగి ఇచ్చిందని నా జవాబు. 'ప్రభువులు చెప్పినట్టు తీసిన మనిషి కదా' అనవచ్చు. ఏం తీయాలో ప్రభువు చెప్పాడు, ఎక్కడ నిలబడి తీయాలో చెప్పలేదు. నా లెక్కలో ఆయన కట్టడాల ఫోటోలు స్టూడియో చిత్రాల కంటే పై మెట్టు. ఆ చిత్రాల్లోని తెర, కుర్చీ, భంగిమ ఆ కాలపు ఏ పెద్ద స్టూడియోకైనా చెల్లుతాయి. మీరు ఒప్పుకోకపోతే అందులో ఒక ముఖాన్నో, ఒక చేతినో చూపించండి, నేను మళ్లీ చూడాల్సిందే.

చివరగా పోటీల సంగతి. ఒకే ఫోటోకు ఒక న్యాయనిర్ణేత తొమ్మిది, ఇంకొకరు నాలుగు వేస్తే అంతా రుచేనని తేలినట్టేనా? కాదు, ఇద్దరూ కారణం చెప్పలేదని మాత్రమే తేలింది. ఒకరు వెలుగును, ఇంకొకరు ఫ్రేములో మనిషి ఉన్న తీరును తూచి ఉండవచ్చు. అది చెబితే తీసినవారికి పాఠం అవుతుంది, అంకె వేసి ఊరుకుంటే జాతకం అవుతుంది. కారణాలన్నీ విన్నాక కూడా ఇద్దరూ ఏకీభవించకపోవచ్చు. అప్పుడు మిగిలే ఆ కొంచెం తేడాకు రుచి అని పేరు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం పేరిట ప్రదర్శనలు పెట్టేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. బహుమతి ఫోటో కింద విజేత పేరుతోపాటు, ఎందుకిచ్చారో న్యాయనిర్ణేతల చేత రెండు వాక్యాలు తెలుగులో రాయించండి. ఓడిపోయిన ఫోటోలకూ రాయిస్తే మరీ మంచిది.