ఏ కత్తి అని అడగాలి

ఖమ్మం దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే ఊళ్లలో కత్తి లేని ఇల్లు కోసం వెతకాలి. వెదురు చీల్చాలన్నా, తాడిచెట్టు గీయాలన్నా, పోడులో పొదలు నరకాలన్నా అదే. మన కథల్లోకి మాత్రం ఆ కత్తి తరచూ రక్తం పూసుకునే వస్తుంది. ఎందుకని?

చిక్కు కొంత పదంలోనే ఉంది. కత్తి ద్రావిడ పదం, తమిళ కన్నడాల్లోనూ కత్తే. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు చాకునీ, మంగలికత్తినీ, ఖడ్గాన్నీ ఈ ఒక్క మాట కిందే చేర్చింది. అంటే పదం సైజు చెప్పదు, పని చెప్పదు. అందుకే జనం పక్కన ఇంకో మాట తగిలిస్తారు: గీతకత్తి, మంగలికత్తి, కత్తిపీట. చిన్నదాని కోసం ఫారసీ 'చాకు' ఉర్దూ మీదుగా మనకి చేరింది.

చైనీస్‌లో 'దావ్' అంటే కత్తి. దానికి 'జి' చేరిస్తే 'దావ్‌జి'. 'జి' అసలు అర్థం బిడ్డ. కత్తిపిల్ల అన్నమాట అని మురిసిపోతాం గానీ, ఆ 'జి' బల్లకీ కుర్చీకీ కూడా తగులుతుంది. ఇవాళ దావ్‌జి అంటే మామూలు కత్తే. అవే రెండు అక్షరాలని జపాన్‌లో 'తోసు' అని చదువుతారు. అక్కడ అది ప్రాచీన కాలపు చిన్న కత్తికే పేరుగా నిలిచింది. నారాలోని షోసోయిన్ ఖజానాలో 8వ శతాబ్దపు తోసులు ఇప్పటికీ ఉన్నాయి. ఆనాటి గుమాస్తాలు చెక్కపలక మీద తప్పు రాస్తే అలాంటి చిన్న కత్తితోనే గీకేసేవాళ్లు. ఒకరకంగా అది వాళ్ల రబ్బరు.

ఈ తోసుని తెలుగులో 'బాకు' అని అనువదించామనుకోండి. గుమాస్తా కాస్తా హంతకుడైపోతాడు.

భద్రాచలం అడవి గురించి రాసేటప్పుడు మనం చేస్తున్నది ఇలాంటి అనువాదమే. నడుముకి కత్తి దోపుకున్న కోయ మనిషి కనబడగానే మన వాక్యం బిగుసుకుంటుంది. పేపర్లో అదే కత్తి 'మారణాయుధం'. ఆ ఒక్క మాటతో పొద్దున్నే పనికి బయల్దేరిన మనిషి నిందితుడైపోతాడు. తర్వాత ఎన్ని పేజీల సానుభూతి రాసినా ఆ మరక పోదు.

కథకుడు చేయాల్సింది పెద్ద పనేం కాదు. కత్తి అని రాసిన చోట అది దేన్ని కోస్తోందో కూడా రాయాలి. కోయ కూడా ద్రావిడ భాషే. ఆ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో ఒక్కసారి అడగాలి. నిఘంటువు మూడు అర్థాలిచ్చి ఊరుకోవచ్చు. వాటిలో ఏది రాస్తున్నామో చెప్పాల్సిన బాధ్యత మాత్రం మనదే.