మొదటి పది నిమిషాల దెయ్యం

దెయ్యం సినిమాకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, పక్కవాణ్ణి కథ అడిగేవాళ్లంటే నాకు జాలి. అసలు పనంతా అప్పటికే అయిపోయి ఉంటుంది. దెయ్యం ఎవరిదో, ఎందుకొచ్చిందో తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఈ చీకట్లో దేన్ని చూసి జడుసుకోవాలో, ఏ చప్పుడుకి ఒళ్లు బిగుసుకోవాలో ప్రేక్షకుడికి అలవాటు చేసేది తొలి సన్నివేశమే. అక్కడ పట్టు దొరకని దర్శకుడు ఆ తర్వాత రెండు గంటలు గొంతు చించుకున్నా లాభం లేదు.

ఈ విద్యలో తెలుగులో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ని (1992) మించింది రాలేదు. పక్షపాతమంటారా, అనండి, నేను మాట మార్చను. తొలి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. పట్టపగలు. రేవతి ఒక్కతే నడుస్తోంది. జనం మసలాల్సిన చోట నరమానవుడు లేడు. మాటల్లేవు. కెమెరా మాత్రం ఆగకుండా, తొందరపడకుండా కదులుతూనే ఉంటుంది. ఆమెను చూస్తున్నది మనమా, ఇంకేదైనానా? ఆ అనుమానం ఒక్కటి చాలు. చివరికి అది కలని తేలుతుంది గానీ మన వెన్నులోకి పాకిన చలి ఆ పిల్ల నిద్ర లేచినంత మాత్రాన పోదు.

‘శివ’ (1989)లో వర్మ కుదుపుల్లేకుండా కదిలే స్టెడీకామ్ కెమెరాని పరుగులకీ కొట్లాటలకీ వాడాడు. ఇక్కడ అదే పనిముట్టుతో కంటికి కనపడనిదాన్ని నడిపించాడు. ఛాయాగ్రహణం తేజ. తర్వాత ‘చిత్రం’, ‘జయం’ తీసిన తేజే. నేపథ్య సంగీతం అప్పుడప్పుడే అడుగుపెట్టిన మణిశర్మ. వాద్యాలు ఎక్కడ మోగాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎక్కడ ఆపేయాలో తెలియడం వేరే విద్య. మణిశర్మ ఆ వయసులోనే అది చూపించాడు. ఓంపురి, రోహిణీ హట్టంగడి లాంటి నటులు తర్వాత ఎంత గొప్పగా చేసినా, వాళ్లు కూర్చునే పీట వేసింది మాత్రం ఆ మొదటి నిమిషాలే.

దాక్కుని చూసే ఈ కెమెరా పద్ధతి వర్మ కనిపెట్టింది కాదు. స్పీల్‌బర్గ్ ‘జాస్’ (1975) రాత్రి సముద్రంలో ఈదుతున్న అమ్మాయిని నీళ్ల అడుగునుంచి చూపించి మొదలవుతుంది. సొరచేప కనపడదు. జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’లో (1978) హంతకుడి కళ్లతోనే మనల్ని ఇంట్లోకి తీసుకెళ్లి, ముసుగు తీసేసరికి ఆరేళ్ల పిల్లవాణ్ణి చూపిస్తారు. సంప్రదాయం తెలిసి దాన్ని తనది చేసుకోవడంలోనే పనితనం ఉంది. వర్మ చేసింది అదే.

రెండో పద్ధతి పాత పాపం. ఎప్పుడో ఎక్కడో ఒక ఘోరం జరుగుతుంది, చచ్చేవాళ్లు శాపం పెడతారు, తెరమీద ‘కొన్నేళ్ల తర్వాత’ అని పడుతుంది. రామ్సే సోదరుల ‘పురానా మందిర్’ (1984) నుంచీ ఇది అరిగిపోయిన దారే. అరిగిన దారిలోనూ కొత్తగా నడవొచ్చని కార్తీక్ దండు ‘విరూపాక్ష’లో (2023) నిరూపించాడు. 1979, రుద్రవనం. పిల్లలు చనిపోతున్నారు. క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరు ఊరంతా ఒక జంటను సజీవంగా తగలబెడుతుంది. మంటల్లో ఆ ఇల్లాలు పుష్కరకాలానికి ఊరు వల్లకాడవుతుందని శపిస్తుంది. ఆ గడువులో ఉంది తెలివంతా. కృష్ణ ఒడ్డున పుట్టినవాడికి పుష్కరమంటే ఎన్నేళ్లో ఎవరూ చెప్పక్కర్లేదు. కథ 1991కి వచ్చేసరికి హాల్లో ప్రతివాడూ మనసులో లెక్క కట్టేసి ఉంటాడు. పైగా ఆ మంట పెట్టింది దెయ్యం కాదు, మామూలు ఊరి జనం. మన మిరపకాయ ఘాటులా ఆ సంగతి కాసేపాగి మండుతుంది.

వానలో కారు, దారిలో తెల్లచీర కట్టిన ఆడమనిషి అనేది మూడోది. హిందీ ‘వో కౌన్ థీ’ నుంచి 1966లో ‘ఆమె ఎవరు?’గా జగ్గయ్య, జయలలితలతో మనకొచ్చింది. దాని నకళ్ల గురించి మాట్లాడుకోకపోవడమే మేలు.

అంతకు ముందూ మనకు భయం కొత్తేం కాదు. జెమినీవారి ‘బాలనాగమ్మ’ (1942)లో మాయల మరాఠీగా పిల్లల్ని హడలగొట్టిన డాక్టర్ గోవిందరాజుల సుబ్బారావు మన తెనాలి నాటకరంగం మనిషే. ఆ తర్వాత యండమూరి నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో వారం వారం చేసిందీ ఇదే పని.

ఈ భయానికి వేరు జనం నమ్మకంలో ఉంది. గుంటూరు దగ్గరి మా పెదకాకానిలో భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడీ ఉంది, బాజీబాబా దర్గా కూడా ఉంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో మొక్కుకునేవాళ్లు ఇది మన దేవుడా కాదా అని చూడరు. తెలుగు దెయ్యం సినిమాల్లో మంచివాటికి ఈ సంగతి తెలుసు. కోడి రామకృష్ణ ‘అరుంధతి’లో (2009) సాయాజీ షిండే ఫకీరు అయినా, ‘మసూద’లో (2022) శుభలేఖ సుధాకర్ వేసిన బాబా అయినా జనం నమ్మకంలోంచి నడిచొచ్చినవాళ్లే. మన ప్రేక్షకుడు సగం నమ్మే హాల్లో అడుగుపెడతాడు. వాడికి కావలసింది ఒక్క సూచన: తనంతట తాను మూసుకున్న తలుపు, ఖాళీ మూల చూసి మొరిగే కుక్క.

మరి ఇప్పుడు వాడికి దొరుకుతున్నదేమిటి? పాడుబడ్డ బంగళా, తాగి కారులో వచ్చిన జంట, పెద్ద అరుపు, టైటిల్స్. ఏ సినిమా చూసినా ఇదే. చెవులు పగిలేట్టు ఢామ్మనే చప్పుడు పెట్టి ఉలిక్కిపడేట్టు చేసి, అదే భయమనుకుంటున్నారు. ఎవరి వెనక టపాకాయ పేల్చినా ఉలిక్కిపడతారు, దానికి దర్శకుడెందుకు? కామెడీ దెయ్యాలు చేసిన చెరుపు అంతకంటే ఎక్కువ. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) బాగా ఆడింది, నిజమే. ఆ తర్వాత వరసకట్టినవాటిలో దెయ్యం హాస్యనటుల చెంపలు వాయించే పనిమనిషైపోయింది. మొదటి సన్నివేశంలోనే నవ్వించేశాక ఇక ఎవరు భయపడతారు? జడవడం అలవాటు తప్పిన ప్రేక్షకుణ్ణి మళ్లీ జడిపించడం ఎంత కష్టమో ఈ నిర్మాతలకు పట్టదు.

కుర్ర దర్శకులకు నా మనవి ఒక్కటే. మీ తొలి సన్నివేశాన్ని శబ్దం పూర్తిగా ఆపేసి ఒకసారి చూసుకోండి. అప్పుడూ భయం వేస్తే ఉంచండి, లేదంటే మళ్లీ తీయండి. హాళ్లవాళ్లకూ ఒక మాట. హీరోల పుట్టినరోజులకు పాత సినిమాలన్నీ మళ్లీ వేస్తున్నారు కదా, గుంటూరులో ‘రాత్రి’ని ఒక్క సెకండ్ షో వేయండి. ఆట మొదలయ్యాక తలుపులు మూసేయండి, టార్చిలైటు పట్టుకుని సీట్లు వెతికేవాళ్లని లోపలికి రానివ్వకండి. పెదకాకాని నుంచి ఒక ఆటోకి సరిపడా జనాన్ని తీసుకొచ్చే పూచీ నాది.