'ఎగ్మంట్' నాటకంలో ప్రజలు

స్వాతంత్ర్య పోరాటాన్ని చిత్రించిన రచన కనబడగానే మన అభ్యుదయ పాఠకులు చేతులు జోడిస్తారు. వస్తువు మంచిదైతే చాలదు. దాన్ని రచయిత ఏ వర్గం కళ్లతో చూశాడో కూడా పరీక్షించాలని నా అభిప్రాయం. జర్మన్ మహాకవి గోథే 1788లో ప్రకటించిన 'ఎగ్మంట్' నాటకం ఇందుకు చక్కని ఉదాహరణ.

నేటి హాలండు, బెల్జియం ప్రాంతాలు 16వ శతాబ్దంలో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఏలుబడిలో ఉండేవి. మతవిచారణల హింసకూ, కరువుకూ తాళలేక 1566లో జనం తిరగబడ్డారు. మరుసటి ఏడు ఆల్వా ప్రభువు స్పానిష్ సైన్యంతో వచ్చాడు. 1568 జూన్ 5న బ్రస్సెల్స్ నగరంలో ఎగ్మంట్ ప్రభువు తల నరికించాడు. నాటకానికి ఆధారం ఈ చరిత్రే.

నాటకంలో జనానికి చోటు లేకపోలేదు. తొలి రంగంలోనే దర్జీ, దుకాణదారు, సిపాయి విలువిద్య పందెంలో కనిపిస్తారు. వారి భయం, ఆశ, హాస్యం ఎంతో సహజంగా ఉన్నాయి. అయితే వారి పూర్వపు హక్కులను వారికి గుర్తుచేసేది వాన్సెన్ అనే గుమాస్తా. అతణ్ణి గోథే తాగుబోతుగా, కలహప్రియుడిగా చిత్రించాడు. ఆరెంజ్ ప్రభువు విలియం పసిగట్టిన ప్రమాదాన్ని ఈ వీధి గుమాస్తా కూడా పసిగట్టాడు. నాయకుడు ఎగ్మంట్ మాత్రం పసిగట్టలేదు!

చివరి అంకంలో ఎగ్మంట్ ప్రియురాలు క్లారా అతణ్ణి విడిపించటానికి రమ్మని వీధిలో పౌరులను వేడుకుంటుంది. ఎవ్వరూ కదలరు. ఆమె విషం తాగుతుంది. పౌరుల మౌనాన్ని నేను తప్పుపట్టను. ఆల్వా కత్తి నీడలో అది సహజమే. తప్పంతా తరువాత వచ్చే కలలో ఉంది. చెరలో నిద్రిస్తున్న ఎగ్మంట్‌కు స్వాతంత్ర్యదేవత క్లారా ముఖంతో కనిపించి, అతని మరణం దేశానికి విముక్తి తెస్తుందని సైగచేసి, విజయమాల చూపుతుంది. ఆనాడే షిల్లర్ ఈ ముగింపును సంగీతనాటకపు గారడీగా ఆక్షేపించాడు. అతని ఆక్షేపణ కళను గురించి. నాది చరిత్రను గురించి.

విముక్తి ఒక ప్రభువు మరణంతో రాలేదు. 'బిచ్చగాళ్లు' అన్న తిట్టును బిరుదుగా ధరించిన సముద్ర తిరుగుబాటుదార్లు 1572 ఏప్రిల్ 1న బ్రీల్ రేవును పట్టుకున్నారు. 1574లో లైడెన్ ముట్టడిని ఛేదించటానికి కట్టలు తెంచి నీళ్లను పొలాలమీదికి వదిలారు. మునిగింది రైతుల భూమి. 1581లో ఫిలిప్ అధికారాన్ని తోసిపుచ్చారు.

స్వాతంత్ర్యాన్ని దేవతను చేస్తే, దాన్ని ఎవరు తెచ్చారన్న ప్రశ్నతోపాటు ఎవరికి దక్కిందన్న ప్రశ్న కూడా మాయమవుతుంది. అది ప్రధానంగా వర్తకులకు దక్కింది. 1602లో వారు తమ తూర్పు ఇండియా కంపెనీని స్థాపించారు. 1648లో స్పెయిన్ వారి స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది. అంతకు ఎంతో ముందే ఆ కంపెనీ మన మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. కోరమాండల్ తీరపు పేదలను బానిసలుగా కొని, పులికాట్ నుండి బటేవియాకు ఓడలకెక్కించింది. తన మెడమీది కాడిని విరిచినవాడు దాన్ని మరొకడి మెడకెత్తాడు.

ఈ నాటకాన్ని చదవవద్దని నేననను. వీధిజనానికి అంత సజీవమైన మాట ఇచ్చిన రచయిత గొప్పవాడే. వారి చేతులకు పని ఇవ్వకపోవటం అతని పరిమితి. తొలి రంగంలోని దర్జీని గుర్తుంచుకుని చివరి కలను చదవండి. ఆ కలలో అతనెక్కడ ఉన్నాడని అడగండి.