కింది రెప్ప తిప్పి చూడు

సగం పనంటే నాకు ఒళ్లుమంట అని ఈ కాలమ్ చదివేవారికి వేరే చెప్పక్కర్లేదు. సగం పూడిక తీసి వదిలేసిన కాలవ మీదా, సగం గోడకే సున్నం వేసిన బడి మీదా రాసి రాసి మిమ్మల్ని విసిగించాను. అలాంటివాణ్ణి, ఈ వారం మా ఊళ్లో గొర్రెలకు నట్టల మందు పోస్తుంటే చూద్దామని వెళ్లాను.

మంద దొడ్లో ఉంది. మందు సీసాలు నిండుగా ఉన్నాయి. పట్టుకునే మనుషులున్నారు. వచ్చిన కుర్ర డాక్టరు మాత్రం సీసా ముట్టకుండా ఒక్కో గొర్రె తల ఒడిసిపట్టి, ఒక బొటనవేలితో పైరెప్ప నొక్కి, రెండో బొటనవేలితో కిందిరెప్ప జారదీసి లోపలి రంగు చూస్తున్నాడు. ఎర్రగా ఉంటే బయటికి తోలెయ్యమంటాడు. పాలిపోయి ఉంటేనే మందు. సగానికి పైగా జీవాలు చుక్క పడకుండానే దొడ్డి దాటాయి. ముసలి కాపరి నా వంక చూశాడు, నేను డాక్టరు వంక చూశాను. అతని దగ్గర ముదురు ఎరుపు నుంచి తెలుపు దాకా అయిదు రంగులున్న అట్ట ఉంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన పద్ధతి, ఫమాచా అంటారట.

రెప్పలో ఎరుపు తగ్గించేది హీమాంకస్ అనే నట్ట. గొర్రె నాలుగో పొట్టలో ఉంటుంది. ఆడది అంగుళం పొడవు, నెత్తురు నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి అండాశయం మెలిక తిరిగి ఉంటుంది. ఒక్కోటీ రోజుకు 0.05 మిల్లీలీటర్ల నెత్తురు లాగుతుంది. అదెంతలే అనిపిస్తుంది గానీ, వెయ్యి చేరితే రోజుకు 50 మిల్లీలీటర్లు. గుడ్లంటారా, ఆడదొక్కటే రోజుకు 5,000 పైచిలుకు పెడుతుంది.

గొర్రె మాత్రం ఊరుకుంటుందా? పొట్టగోడ జిగురు ఊరుస్తుంది, ఇసినోఫిల్ కణాలు చేరతాయి, యాంటీబాడీలు తయారవుతాయి. ఒక్కోసారి కొత్త లార్వాల దండు లోపలికి రాగానే పాత నట్టలన్నీ ఒక్కపెట్టున బయటపడిపోతాయి. నార్మన్ స్టాల్ 1929లోనే ఈ సంగతి రాశాడు. నట్ట దగ్గర దీనికీ విరుగుడుంది. బయట ఎండలు మండుతున్నా, లోపల గొర్రె నిరోధక శక్తి గట్టిగా ఉన్నా, లార్వా పెరగడం ఆపేసి నెలల తరబడి పొట్టలోనే అణిగి ఉంటుంది. ఈనే రోజులు దగ్గరపడితే తల్లిగొర్రెలో ఆ శక్తి సడలుతుంది. అప్పుడు లేస్తుంది. గుడ్లు పెంటికలతో గడ్డి మీద పడి లార్వాలయ్యే వేళకి, ఏ నిరోధక శక్తీ లేని పిల్లలు మేతకు మూతి పెడుతుంటాయి. ఇంత లెక్కగా ముహూర్తం పెట్టే పురోహితుణ్ణి నేనైతే చూళ్లేదు.

ఎలుక పేగులో ఉండే దీని దూరపు చుట్టం ఇంకా గడుసుది. ఒంట్లో వాపును చల్లార్చడానికి మన శరీరాలు టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ వాడతాయి. ఆ పురుగు వదిలే ప్రొటీన్‌కి దీనితో పోలికే లేదు, అయినా అదే గ్రాహకానికి అతుక్కుని అదే పని చేయిస్తుంది. గ్లాస్గోలో రిక్ మైజెల్స్ బృందం 2017లో దీన్ని బయటపెట్టింది.

ఇన్ని తెలిసిన నట్టకూ ఒక లోపం ఉంది. తన కడుపు లోపలి పొరను అది గొర్రెకు ఎన్నడూ చూపించదు కాబట్టి, ఆ పొరను కాపాడుకునే అవసరమూ రాలేదు. స్కాట్లండ్‌లోని మోరెడన్ సంస్థవాళ్లు ఆ పొరలోని ప్రొటీన్లతోనే టీకా చేశారు. 2014లో ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చింది. గొర్రె నెత్తుట్లో యాంటీబాడీలు పుడతాయి, నట్ట ఆ నెత్తురే తాగుతుంది, తాగింది అరగక మాడుతుంది. చదివిన రోజు నాకు అన్నం సహించింది కాదు, ఆనందంతో. చిక్కేమిటంటే, మామూలుగా సోకే నట్టలు ఆ పొరను గొర్రెకు గుర్తు చెయ్యవు గనక టీకా మళ్లీ మళ్లీ వేస్తుండాలి.

ఇక మన మందులు. థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కల్లా దానికి లొంగని హీమాంకస్ కనిపించింది. గొర్రె ఒంటితో వేల ఏళ్లు వేగిన జీవికి మన సీసా మూడేళ్ల పని. మందంతటికీ పోస్తే బతికి బట్టకట్టేవి మందుకు లొంగని నట్టలే, రేపు గడ్డి మీద వాటి పిల్లలే. ఎర్రరెప్ప గొర్రెల్ని వదిలేస్తే వాటి పొట్టలో మందుకు లొంగే నట్టలు మిగిలి, మొండివాటి సంతానాన్ని పలచన చేస్తాయి. డాక్టరు ఇదంతా చెప్పాక, వదిలెయ్యడం కూడా పూర్తి పనేనని ఒప్పుకోబోయాను.

కాపరి ఒప్పుకోలేదు. “ఇయ్యాల ఎర్రగున్నది ముసురుల పదిహేను దినాలకు తెల్లగైతది. గప్పుడు ఎవరు జూస్తరు సారూ?”

ఆయన అడిగినదే అసలు ప్రశ్న. వానాకాలంలో రెండు మూడు వారాలకోసారి రెప్ప తిప్పకపోతే ఈ పద్ధతికి అర్థం లేదు. ఒక్కరోజు శిబిరం పెట్టి, కళ్లు చూసి, జీపెక్కి వెళ్లిపోతే అది సగం పని కూడా కాదు, పావు పని. అంతకన్నా అన్నిటికీ మందు పోసి వెళ్లడమే నయం. నేనీ మాటే అన్నాను. డాక్టరు కాసేపు ఆలోచించి, ఈనబోయేవాటికీ పాలిపోయిన పిల్లలకీ ముందు మందు పోయించి, అట్టను కాపరి చేతికిచ్చాడు.

“ఎండలో చూడు తాతా, రెండు కళ్లూ చూడు. పందిరి కింద అన్నీ ఒకే రంగులో కనపడతాయి.”