వారసత్వానికి అడ్డుగోడ

ఆదివారం బషీర్‌బాగ్ నుంచి నిజాం కాలేజీ, గన్‌ఫౌండ్రీ మీదుగా ఆబిడ్స్ దాకా నడిస్తే, మూసిన షట్టర్ల ముందు పరిచిన పాత పుస్తకాల్లో జావా, సీ ప్లస్ ప్లస్ పుస్తకాలు కనిపిస్తూనే ఉంటాయి. ఇన్‌హెరిటెన్స్ (వారసత్వం) అంటే ఏమిటో వాటిని చదివినవాళ్లకు కంఠతా వచ్చు. దాన్ని ఎప్పుడు వాడకూడదో చెప్పేవాళ్లే తక్కువ.

జావాతో పాటే వచ్చిన స్టాక్ క్లాసునే చూడండి. దాని నియమం ఒక్కటే: చివర పెట్టింది ముందు తీయాలి. పేవ్‌మెంట్ మీది పుస్తకాల దొంతరలో పైపుస్తకానికే చేయి అందాలన్నట్టు. కానీ జావా రూపకర్తలు స్టాక్‌ను వెక్టర్ అనే మరో క్లాసుకు వారసుణ్ని చేశారు. వెక్టర్‌లో ఎక్కడైనా చొప్పించవచ్చు, ఎక్కడి నుంచైనా తీసేయవచ్చు. ఆ హక్కులన్నీ స్టాక్‌కూ సంక్రమించాయి. వాటిని ఇప్పుడు వెనక్కి తీసుకుంటే, నమ్ముకున్న పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి. చివరికి జావా డాక్యుమెంటేషనే స్టాక్ బదులు డెక్ వాడమంటోంది.

క్లాసు పుట్టింది మాత్రం సంక్లిష్టతను అదుపు చేయడానికే. 1960ల్లో ఓస్లోలో దాల్, నీగోర్ రూపొందించిన సిమ్యులా భాషలో, కేంబ్రిడ్జ్‌లో పరిశోధన చేస్తున్న బ్యార్న్ స్ట్రౌస్‌ట్రప్ ఒక సిమ్యులేటర్ రాశారు. ప్రోగ్రాము పెరిగినా క్లాసుల వల్ల బుర్రలో ఇమిడింది. నడక మాత్రం భరించలేనంత నెమ్మది. బీసీపీఎల్ భాషలో తిరగరాస్తే వేగం వచ్చింది, ఆ సౌకర్యం పోయింది. 1979లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకు ఆయన క్లాసులు జోడించడం వెనక ఉన్నది ఈ బాధే. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరు పెట్టారు.

భాష రూపకర్త ఏం ఇచ్చాడన్నది ఎంత ముఖ్యమో, ప్రోగ్రామర్ ఏమీ రాయనప్పుడు ఏం జరుగుతుందన్నదీ అంతే ముఖ్యం. జావాలో ఏమీ రాయకపోతే క్లాసు వారసత్వానికి తెరిచే ఉంటుంది. వారసత్వానికి తగ్గట్టు రూపొందించి వివరంగా రాసిపెట్టండి, లేదంటే నిషేధించండి అని 2001లోనే జాషువా బ్లాక్ ‘ఎఫెక్టివ్ జావా’లో సలహా ఇచ్చారు. 2016లో తొలి స్థిర వెర్షన్ వచ్చిన కోట్లిన్ భాష ఆ దారే పట్టింది. అందులో ‘ఓపెన్’ అని రాస్తేనే మామూలు క్లాసుకు వారసులు పుడతారు. 2021లో జావా 17 కూడా వారసులెవరో పేర్లతో సహా నిర్ణయించే సీల్డ్ క్లాసులను స్థిరపరిచింది.

ఏమీ రాయకపోతే క్లాసును మూసి ఉంచే కోట్లిన్ పద్ధతికీ ఖర్చుంది. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ చాలా చోట్ల మన క్లాసులకు తెర వెనుక వారసులను సృష్టించుకుంటుంది. అందుకే కోట్లిన్‌లో స్ప్రింగ్ వాడేవాళ్లు ఆ క్లాసులను తెరిచే ప్లగిన్ పెట్టుకోవాలి. అయినా కోట్లిన్ పద్ధతే సరైనది. ఆ ప్లగిన్‌ను ఒక్కసారి అమర్చుకుంటే చాలు. జావా స్టాక్‌ను మాత్రం ఇన్నేళ్లయినా ఎవరూ బాగుచేయలేకపోయారు. అమీర్‌పేట కోచింగ్ క్లాసుల్లో ఇన్‌హెరిటెన్స్ చెప్పే రోజున ఆ స్టాక్ సోర్స్ ఫైలునే తెర మీద చూపించాలి. ఓపెన్ జేడీకేలో అది అందరికీ అందుబాటులోనే ఉంది.